కొత్త మెకానిక్ చుట్టూ డెక్: నా డెలీరియం డెక్ మూడు టైపుల దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

తుమ్మెద_రెక్క:

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ల తర్వాత, 2024లో డస్క్‌మోర్న్ సెట్ వచ్చినప్పుడు మళ్లీ మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడటం మొదలుపెట్టాను. ఆ సెట్‌లో డెలీరియం అనే మెకానిక్ (చాలా కార్డుల మీద ఒకే పేరుతో వచ్చే ఆట పద్ధతి) చూడగానే మనసు పారేసుకున్నాను. మన గ్రేవ్‌యార్డ్‌లో, అంటే వాడేసిన, చచ్చిన కార్డులు చేరే చోట, ఉన్న కార్డుల్లో కనీసం నాలుగు కార్డ్ టైపులు (ల్యాండ్, క్రీచర్, ఇన్‌స్టంట్, సోర్సరీ, ఆర్టిఫాక్ట్, ఎన్‌చాంట్‌మెంట్ లాంటివి) ఉంటే చాలు, డెలీరియం ఉన్న కార్డులన్నీ ఒక్కసారిగా బలం పుంజుకుంటాయి. ఈ మెకానిక్ మొదట 2016లో షాడోస్ ఓవర్ ఇనిస్ట్రాడ్‌లో వచ్చిందని తెలిసి అప్పటి కార్డులు కూడా వెతికి సంపాదించాను. మేం ఆడేది స్నేహితుల మధ్యే. డెక్‌కు 60 కార్డులు, ఏ సెట్ కార్డైనా పెట్టుకోవచ్చు.

నా లిస్టు ఇది. ల్యాండ్‌లు 22. ప్యాచ్‌వర్క్ బీస్టీ 4, గ్రిమ్ ఫ్లేయర్ 4, ట్రావర్స్ ది ఉల్వెన్‌వాల్డ్ 4, ఇష్కనా 4, ఎమ్రకుల్ ది ప్రామిస్డ్ ఎండ్ 2. ఓవర్‌లార్డ్ ఆఫ్ ది బేల్‌మర్క్ 4. ఇన్‌స్టంట్ రిమూవల్ 8. రిమూవల్ అంటే ఎదుటివాళ్ల క్రీచర్లను తొలగించే స్పెల్స్. మిగిలిన 8 మామూలు క్రీచర్లు.

లిస్టు చూసుకుంటే ముచ్చటేస్తుంది. ఆటకు కూర్చుంటే మాత్రం ప్రతిసారీ మూడు టైపుల దగ్గర ఆగిపోతున్నాను. ల్యాండ్ పడుతుంది, క్రీచర్ పడుతుంది, ఇన్‌స్టంట్ పడుతుంది. నాలుగోది రాదు. బీస్టీ నా బోర్డు మీద బొమ్మలా కూర్చుంటుంది, ఇష్కనా ఒక్కతే వస్తుంది, డెలీరియం ఉంటే వెంట రావాల్సిన సాలీళ్లు రావు. ఇప్పటికి వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాను. ఓటమి కంటే నాకు బాధ కలిగించేది, ఈ మెకానిక్ పనిచేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడలేకపోవడం.

ఈ డెక్‌ను బాగుచేసుకోవడం ఒక్కటే కాదు నాకు కావలసింది. కొత్త మెకానిక్ వచ్చినప్పుడు డెక్ కట్టడం అసలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.


అరవై_కార్డులు:

మీ లిస్టును రెండు కుప్పలుగా విడదీసి చూడండి. డెలీరియం ఉంటే లాభపడేవి ఒక కుప్ప, వాటిని మనం పేఆఫ్‌లు అంటాం. డెలీరియం తెచ్చిపెట్టేవి ఇంకో కుప్ప, అవి ఎనేబ్లర్లు. మీ దగ్గర బీస్టీ, ఫ్లేయర్, ట్రావర్స్, ఇష్కనా, ఎమ్రకుల్ కలిపి 18 పేఆఫ్‌లు. గ్రేవ్‌యార్డ్‌ను గట్టిగా నింపే కార్డు ఓవర్‌లార్డ్ ఒక్కటే, 4 కాపీలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ డెక్.

లెక్క చూడండి. 60 కార్డుల్లో 4 కాపీలు ఉన్న కార్డు మొదటి 7 కార్డుల చేతిలో కనీసం ఒకటి కనిపించే అవకాశం దాదాపు 40 శాతం. అలాంటివి 8 ఉంటే 65 శాతం, 12 ఉంటే 81 శాతం, 15 ఉంటే 88 శాతం. మీ ఆటల్లో సగానికి పైగా ఎనేబ్లర్ లేకుండానే మొదలవుతున్నాయి. తొమ్మిది ఆటలు ఓడింది మీ ఆట బాగాలేక కాదు.

కొత్త సెట్ రాగానే మనందరం చేసే పని ఒకటుంది. మెకానిక్ పేరు అచ్చయిన కార్డులన్నీ ఏరి ఒకచోట పెట్టుకుంటాం. అయితే డెలీరియం అన్న మాట సాధారణంగా పేఆఫ్‌ల మీదే కనిపిస్తుంది. దాన్ని తెచ్చిపెట్టే కార్డుల మీద ఆ మాట ఉండదు. అందుకని నేను కొత్త మెకానిక్‌తో డెక్ కట్టేటప్పుడు ఆ మెకానిక్ పేరు లేని కార్డుల నుంచే మొదలుపెడతాను. ముందు 12 నుంచి 16 ఎనేబ్లర్లు పెట్టి, ఆ తర్వాతే పేఆఫ్‌లకు చోటు చూస్తాను. మీకు 8 నుంచి 10 పేఆఫ్‌లు చాలు.


రూల్సు_పుస్తకం:

నిబంధనల వైపు నుంచి రెండు మూడు సంగతులు చెప్పాలి, ఎందుకంటే డెలీరియం లెక్కలో చాలామంది ఇక్కడే పొరబడతారు.

లెజెండరీ అనేది టైపు కాదు, సూపర్‌టైపు. ఇష్కనా గ్రేవ్‌యార్డ్‌లో పడితే క్రీచర్ అని ఒక్కటే లెక్క. డస్క్‌మోర్న్‌లోని రూమ్ కూడా వేరే టైపు కాదు, ఎన్‌చాంట్‌మెంట్‌లో ఒక సబ్‌టైపు. టోకెన్, అంటే వేరే కార్డు పుట్టించే గుర్తు బిళ్ల, చచ్చిపోతే ఒక్క క్షణం గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లి మాయమవుతుంది. పైగా అది కార్డు కాదు కాబట్టి లెక్కలోకి రాదు. ఇష్కనా తెచ్చిన సాలీళ్లు ఎన్ని చచ్చినా డెలీరియంకు ఏమీ కలవదు.

రెండు టైపులున్న కార్డు ఒక్కటే రెంటికీ లెక్క. బీస్టీ ఆర్టిఫాక్ట్ క్రీచర్, ఓవర్‌లార్డ్ ఎన్‌చాంట్‌మెంట్ క్రీచర్. ఈ రెండూ ఒక్కొక్కటి గ్రేవ్‌యార్డ్‌లో పడితే మూడు టైపులు అక్కడే వచ్చేస్తాయి, దానికి ఒక ల్యాండ్ చేరితే డెలీరియం వచ్చేసినట్టే.

డెలీరియం చూసేది మీ ఒక్కరి గ్రేవ్‌యార్డ్‌నే. టార్మోగోయ్ఫ్ అనే కార్డు లాగా అందరివీ కలిపి చూడదు. (టార్మోగోయ్ఫ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 2007లో ఫ్యూచర్ సైట్‌లో వచ్చినప్పుడు దాని వివరణలో ప్లేన్స్‌వాకర్ అనే టైపు పేరు కూడా రాసి ఉంది. అప్పటికి ఆటలో ప్లేన్స్‌వాకర్ కార్డు ఒక్కటీ లేదు. ఆ తర్వాత అదే ఏడాది లోర్విన్‌లో వచ్చాయి. రాబోయే సంగతిని కార్డు మీదే ముందుగా అచ్చు వేశారన్నమాట.)


తుమ్మెద_రెక్క:

అరవై_కార్డులు గారూ, కుప్పలు విడదీసి చూశాక నాకే తెలిసింది. చాలా కృతజ్ఞతలు.

రూల్సు_పుస్తకం గారు చెప్పింది చదువుతుంటే ఇంకోటి తట్టింది. నా డెక్‌లో ఆర్టిఫాక్ట్ అంటే బీస్టీ ఒక్కటే, ఎన్‌చాంట్‌మెంట్ అంటే ఓవర్‌లార్డ్ ఒక్కటే. ఈ రెండూ బోర్డు మీదకు వచ్చి ఉండిపోయేవి! నాలుగో టైపు నేను బోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. బీస్టీ అయితే మరీ అన్యాయం. డెలీరియం లేనిదే అది అటాక్ చేయలేదు, బ్లాక్ చేయలేదు. ఇక ఎదుటివాళ్లు దాన్ని ఎందుకు చంపుతారు? అది చావదు కాబట్టి ఆర్టిఫాక్ట్ గ్రేవ్‌యార్డ్‌కు రాదు, ఆర్టిఫాక్ట్ రాదు కాబట్టి అది కదలదు.


అరవై_కార్డులు:

అసలు సంగతి పట్టుకున్నారు. అందుకే తమంతట తాము గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లే కార్డులు కావాలి. మిష్రాస్ బాబుల్ ఆర్టిఫాక్ట్, ఖర్చు సున్నా మానా (మానా అంటే ల్యాండ్‌లు ఇచ్చే, కార్డులు వేయడానికి ఖర్చు పెట్టే శక్తి). దాన్ని బలి ఇస్తే తర్వాతి టర్న్ మొదట్లో, అప్‌కీప్‌లో, ఒక కార్డు వస్తుంది. అంటే డెక్‌లో చోటు తింటుందే తప్ప చేతిలో కార్డు తగ్గించదు. వెసెల్ ఆఫ్ నేసెన్సీ ఒక మానా ఎన్‌చాంట్‌మెంట్, ఇంకో రెండు మానా కట్టి బలి ఇస్తే పైనుంచి నాలుగు కార్డులు తెరిచి ఇన్‌స్టంట్, సోర్సరీ కానిది ఒకటి చేతిలోకి తీసుకుంటారు, మిగతావి గ్రేవ్‌యార్డ్‌కు. అది తాను వెళ్తూ ఎన్‌చాంట్‌మెంట్ టైపు ఇచ్చి, ఇంకో మూడు కార్డులను వెంట తీసుకెళ్తుంది. ల్యాండ్ కోసం ఎవాల్వింగ్ వైల్డ్స్, తనను బలి ఇచ్చి బేసిక్ ల్యాండ్ తెచ్చే ల్యాండ్. ఇక ఎదుటివాళ్లు మీ కార్డులు చంపుతారా లేదా అని ఎదురుచూడక్కర్లేదు.

మిల్ చేసేటప్పుడు, అంటే డెక్ పైనుంచి కార్డులను గ్రేవ్‌యార్డ్‌లో పడేసేటప్పుడు, కూడా లెక్క ముఖ్యం. ఓవర్‌లార్డ్ నాలుగు కార్డులు మిల్ చేస్తుంది. డెక్‌లో ఆర్టిఫాక్ట్‌లు 4 ఉంటే ఆ నాలుగింటిలో ఒకటైనా పడే అవకాశం 25 శాతం. 8 ఉంటే 44 శాతం, 12 ఉంటే 60 శాతం. మీరు ఆగిపోయేది ఎప్పుడూ అరుదైన టైపు దగ్గరే. క్రీచర్లను 26 నుంచి 30కి పెంచినా ఏమీ మారదు. ఆర్టిఫాక్ట్‌లను 4 నుంచి 8కి పెంచి చూడండి, డెక్ నడక మారిపోతుంది.


ఆకుపచ్చ_మానా:

బాబుల్, వెసెల్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ ఎనేబ్లర్లు ముందు, పేఆఫ్‌లు తర్వాత అన్న సూత్రాన్ని అన్ని మెకానిక్‌లకూ ఒకేలా వాడొద్దు. తుమ్మెద_రెక్క గారు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కాబట్టి చెప్తున్నాను. మొదట అడగాల్సింది, ఈ మెకానిక్ నా డెక్ నుంచి ఎంత అడుగుతోంది అని.

ఇన్‌ఫెక్ట్ తీసుకోండి, 2010లో స్కార్స్ ఆఫ్ మిర్రోడిన్‌లో వచ్చింది. ఇన్‌ఫెక్ట్ క్రీచర్ ఆటగాడిని కొడితే ప్రాణం తగ్గదు, పాయిజన్ కౌంటర్లు పడతాయి. 10 పడితే ఆట అయిపోతుంది. మీ డెక్‌లో సగం ఇన్‌ఫెక్ట్, సగం మామూలు క్రీచర్లు పెట్టారనుకోండి. ఎదుటివాళ్లకు 5 పాయిజన్, 10 ప్రాణం మిగులుతాయి, రెండు దారుల్లోనూ మీరు సగం దూరమే వెళ్లినట్టు. అక్కడ మధ్యేమార్గం లేదు. పూర్తిగా దిగాలి, లేదా ముట్టుకోకూడదు.

ల్యాండ్‌ఫాల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2009లో జెండికార్‌లో వచ్చింది. ల్యాండ్ పడినప్పుడల్లా ట్రిగ్గర్ అవుతుంది. ల్యాండ్‌లు ఎలాగూ డెక్‌లో ఉంటాయి, మనం ఎలాగూ వేస్తాం. నాలుగు ల్యాండ్‌ఫాల్ కార్డులు ఏ డెక్‌లో పెట్టినా పనిచేస్తాయి. ఎవాల్వింగ్ వైల్డ్స్ లాంటివి ఉంటే ఒక కార్డుకు రెండు ట్రిగ్గర్లు.

మరో రకం ఉంది, తన సెట్ దాటితే బతకలేనిది. 2004లో ఛాంపియన్స్ ఆఫ్ కమిగావాలో వచ్చిన స్ప్లైస్ ఆంటో ఆర్కేన్ అలాంటిదే. ఆర్కేన్ స్పెల్స్ ఉంటేనే అది పనిచేస్తుంది, ఆర్కేన్ స్పెల్స్ ఉన్నదేమో దాదాపుగా ఆ కాలపు సెట్లలోనే. ఆట రూపకర్తల్లో ముఖ్యుడైన మార్క్ రోజ్‌వాటర్ ఇలాంటివాటిని పారసైటిక్ మెకానిక్‌లు అంటారు.

డెలీరియం వీటి మధ్యలో ఉంటుంది. డెక్ రూపం కొంత మార్చుకోవాలి, పూర్తిగా లొంగిపోనక్కర్లేదు. అందుకే దాని చుట్టూ డెక్ కట్టడం నాకు ఇష్టం. ప్రతి స్లాట్ దగ్గరా ఆగి ఆలోచించాలి.


నేలమాళిగ:

ఆకుపచ్చ_మానా చెప్పింది ఒప్పుకుంటాను, కానీ అరవై_కార్డులు వైపు నుంచి ఒక మాట. మెకానిక్ బలం ఎక్కడుందో తెలియాలంటే బ్యాన్ లిస్టుల చరిత్ర చూడాలి. 2016లో కలదేష్‌లో ఎనర్జీ వచ్చింది. ఎనర్జీ కౌంటర్లు ఒక కార్డు ఇస్తుంది, ఇంకో కార్డు ఖర్చు పెడుతుంది. 2018 జనవరిలో స్టాండర్డ్‌లో (ఇటీవలి సెట్లతో మాత్రమే ఆడే ఫార్మాట్) ఆ డెక్ నుంచి తీసేసినవి ఏవి? అట్యూన్ విత్ ఈథర్, రోగ్ రిఫైనర్. చూస్తే ఎంత సాధువుగా ఉంటాయో! ఒకటి ఒక మానాకు బేసిక్ ల్యాండ్ తెచ్చి రెండు ఎనర్జీ ఇస్తుంది. ఇంకోటి మూడు మానాకు 3/2 (మూడు బలం, రెండు ఓర్పు) శరీరం, ఒక కార్డు, రెండు ఎనర్జీ. ఆట ముగించే కార్డులు, ఆ బ్రిస్లింగ్ హైడ్రాలు, వర్లర్ వర్చుయోసోలు, వాటిని ముట్టుకోలేదు. ఎనేబ్లర్లనే కోశారు.

అఫినిటీ, అంటే మీ ఆర్టిఫాక్ట్‌లు ఎన్ని ఉంటే అంత ఖర్చు తగ్గే మెకానిక్, కూడా అంతే. 2003లో మిర్రోడిన్‌లో ఆర్టిఫాక్ట్ ల్యాండ్‌లు వచ్చాయి. ల్యాండ్‌గా పెట్టే కార్డే ఆర్టిఫాక్ట్‌గా కూడా లెక్కకు వస్తే, ఇక ఎనేబ్లర్‌కు డెక్‌లో చోటు ఖర్చే లేదు కదా. 2005 మార్చిలో స్టాండర్డ్‌లో ఆ ల్యాండ్‌లను బ్యాన్ చేశారు.


రూల్సు_పుస్తకం:

ఒక సవరణ. 2005లో ల్యాండ్‌లతో పాటు ఆర్క్‌బౌండ్ రావజర్, డిసైపుల్ ఆఫ్ ది వాల్ట్ కూడా పోయాయి. అవి పేఆఫ్‌లే.


ఆకుపచ్చ_మానా:

ఇంకో ఎదురు ఉదాహరణ, డెల్వ్. గ్రేవ్‌యార్డ్ కార్డులను బహిష్కరించి మానా ఖర్చు తగ్గించుకునే మెకానిక్. 2014లో ఖాన్స్ ఆఫ్ టార్కిర్‌లో తిరిగి వచ్చింది. 2015 జనవరిలో మోడర్న్ (పాత సెట్లు కూడా చెల్లే ఫార్మాట్) నుంచి తీసేసింది ట్రెజర్ క్రూజ్‌ను, డిగ్ త్రూ టైమ్‌ను. రెండూ పేఆఫ్‌లు. నేలమాళిగ గారి సూత్రం ఇక్కడ నిలబడదు.


నేలమాళిగ:

నిలబడుతుందనే నా నమ్మకం, కాకపోతే ఇంకొంచెం వివరించాలి. మోడర్న్‌లో డెల్వ్‌కు ఎనేబ్లర్ ఏది? ఫెచ్ ల్యాండ్‌లు (తమను బలి ఇచ్చి ఇంకో ల్యాండ్ తెచ్చేవి), ఒక మానా స్పెల్స్. అవి చాలా డెక్‌లలో ముందే ఉన్నాయి, డెల్వ్ కోసం ఎవరూ ప్రత్యేకంగా పెట్టలేదు. ఎనేబ్లర్ అంటే ఆ ఫార్మాట్ మొత్తం. దాన్నంతా బ్యాన్ చేయలేరు కాబట్టి పేఆఫ్‌ను తీశారు.

రూల్సు_పుస్తకం సవరణ సరైనదే, నేను మర్చిపోయాను.

నేను చెప్పదలచింది, ఎలాగూ ఆడే కార్డు మీ మెకానిక్‌ను నడిపిస్తే అదే అతి చవకైన ఎనేబ్లర్. తుమ్మెద_రెక్క గారూ, మీ డెక్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకోండి. మీ రిమూవల్ అంతా ఇన్‌స్టంట్. ఆ స్పెల్స్ ఎలాగూ వాడతారు, వాడగానే గ్రేవ్‌యార్డ్‌కు వెళ్తాయి, ఒక టైపు ఉచితంగా వచ్చినట్టు. బేసిక్ ల్యాండ్‌ల స్థానంలో నాలుగు ఎవాల్వింగ్ వైల్డ్స్ పెడితే ఇంకో టైపు దాదాపు ఉచితం. ట్రావర్స్ సోర్సరీ, మొదటి టర్న్‌లో బేసిక్ ల్యాండ్ కోసం వాడేసినా తప్పులేదు, ఒక టైపు ఇచ్చిపోతుంది. చాలామంది దాన్ని డెలీరియం వచ్చేదాకా చేతిలో దాచుకుని ఓడిపోతారు.


మొదటి_టర్న్:

నేను ఈ ఆటకు కొత్త. మీ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. ఒక సందేహం. ఇన్ని ఎనేబ్లర్లు పెట్టాలంటే 60కి బదులు 66 కార్డులు పెట్టుకోవచ్చు కదా? నిబంధనల్లో 60 కనీసం అనే ఉంది.


అరవై_కార్డులు:

పెట్టుకోవచ్చు, తప్పు కాదు. కానీ 60లో 4 కాపీలున్న మీ మంచి కార్డు 66లోనూ 4 కాపీలే. కార్డులు పెరిగిన కొద్దీ అది కనిపించే అవకాశం తగ్గుతుంది. ఒకే కార్డుకు నాలుగు కాపీల పరిమితి ఉన్నంతకాలం 60 దాటకపోవడమే మంచిది. ఏది తీసేయాలో తేల్చుకోలేక 66 పెడుతున్నాం అనిపిస్తే, ఆ తేల్చుకోవడమే డెక్ కట్టడంలో అసలు పని. నేను ఎక్కువ సమయం గడిపేది అక్కడే.


పదిహేనో_కార్డు:

ఎవరూ ఎత్తని విషయం ఒకటి. మీ మెకానిక్‌ను ఎదుటివాళ్లు ఎలా అడ్డుకుంటారు?

ఎనర్జీతో ఆడేవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ, ఎందుకంటే ఆటగాడి దగ్గరున్న ఎనర్జీ కౌంటర్లను ముట్టుకునే కార్డులు చాలా అరుదు. గ్రేవ్‌యార్డ్ అలా కాదు. రెస్ట్ ఇన్ పీస్ రెండు మానాకు వచ్చి అన్ని గ్రేవ్‌యార్డ్‌లనూ ఊడ్చేస్తుంది, ఆ తర్వాత పడేవి కూడా అక్కడికి చేరకుండా బహిష్కరణలోకి పోతాయి. లేలైన్ ఆఫ్ ది వాయిడ్ మొదటి చేతిలో ఉంటే ఆట మొదలవకముందే బోర్డు మీద ఉంటుంది. డస్క్‌మోర్న్‌లోనే గోస్ట్ వాక్యూమ్ అనే ఒక మానా ఆర్టిఫాక్ట్ ఉంది, టర్న్‌కో కార్డును గ్రేవ్‌యార్డ్ నుంచి లాగేస్తుంది. సరిగ్గా నాలుగు టైపుల మీద నిలబడ్డ డెక్‌కు అది మహా ప్రమాదం. ఒక్క ఆర్టిఫాక్ట్‌ను లాగేస్తే మీరు మళ్లీ మూడుకు వస్తారు.

రెండు ఉపాయాలు చెప్తాను. మొదటిది, నాలుగుతో తృప్తి పడొద్దు. ఐదో టైపు వచ్చేలా, లేదా అరుదైన టైపు రెండు కాపీలు గ్రేవ్‌యార్డ్‌లో ఉండేలా ఆడండి. రెండోది, 15 కార్డుల సైడ్‌బోర్డ్‌లో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) గ్రేవ్‌యార్డ్‌తో సంబంధం లేని క్రీచర్లు నాలుగైదు ఉంచుకోండి. ఎదుటివాళ్లు రెండో ఆటలో ఈ కార్డులు తెస్తారని తెలిసినప్పుడు బీస్టీలను బయట పెట్టి అవి లోపలికి తెచ్చుకోండి. ఎదుటివాళ్లు మూడు నాలుగు స్లాట్లు ఖర్చుపెట్టి తెచ్చుకున్న కార్డులు వృథా అవుతాయి.

నిబంధన ఒకటి మీకు అనుకూలంగా ఉంది. బీస్టీ అటాక్ చేయగలదా లేదా అన్నది అటాకర్లను ప్రకటించే క్షణంలోనే చూస్తారు. ప్రకటించాక మీ డెలీరియం చెడగొట్టినా అది పోరులోంచి బయటకు రాదు. వాక్యూమ్ ఉన్న ఆటగాడు ముందే వాడాలి, ఆ విషయం తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.


రూల్సు_పుస్తకం:

పదిహేనో_కార్డు గారు చెప్పింది కరెక్ట్. కానీ గ్రిమ్ ఫ్లేయర్‌కు ఇది వర్తించదు. దానికి డెలీరియం ఉన్నంతసేపే +2/+2. పోరు మధ్యలో డెలీరియం పోతే 4/4 అక్కడికక్కడే 2/2 అయిపోతుంది. అటాక్ చేసేముందు చూసుకోండి.


తుమ్మెద_రెక్క:

నాలుగు రోజులు తీసుకుని మళ్లీ కట్టాను. కొత్త లిస్టు.

ల్యాండ్‌లు 24, అందులో ఎవాల్వింగ్ వైల్డ్స్ 4. మిష్రాస్ బాబుల్ 4, వెసెల్ ఆఫ్ నేసెన్సీ 4, సాటిర్ వేఫైండర్ 4, ఓవర్‌లార్డ్ ఆఫ్ ది బేల్‌మర్క్ 3. ప్యాచ్‌వర్క్ బీస్టీ 4, గ్రిమ్ ఫ్లేయర్ 4, ఇష్కనా 2, ట్రావర్స్ 3. ఇన్‌స్టంట్ రిమూవల్ 8.

ఎనేబ్లర్లు బాబుల్, వెసెల్, వేఫైండర్, ఓవర్‌లార్డ్ కలిపి 15, వైల్డ్స్ కాకుండా. ఆర్టిఫాక్ట్‌లు 4 నుంచి 8 అయ్యాయి. ఎన్‌చాంట్‌మెంట్‌లు 4 నుంచి 7. ఎమ్రకుల్‌ను తీసేయడానికి మాత్రం మనసు ఒప్పుకోలేదు, ఒక రాత్రంతా చేతిలో పట్టుకుని ఆలోచించాను. 13 మానా కార్డు, గ్రేవ్‌యార్డ్‌లోని టైపుకు ఒకటి చొప్పున తగ్గుతుంది, ఆరు టైపులు పడ్డా ఏడు మానా. 24 ల్యాండ్‌ల డెక్‌లో అక్కడిదాకా వెళ్లే ఆట ఇష్కనాతోనే గెలిచేస్తాను అనిపించి చివరికి తీసేశాను.

ఎదురుగా ఎవరూ లేకుండా ఒక్కణ్ణే 20 ఆటలు పంచుకుని, డెలీరియం ఏ టర్న్‌లో వచ్చిందో, రాకపోతే ఏ టైపు తక్కువైందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పాత లిస్టుతోనూ 20 ఆడాను, పోల్చడానికి. పాతదానిలో ఐదో టర్న్‌కు డెలీరియం వచ్చిన ఆటలు ఒక చేతి వేళ్లు చాలు లెక్కపెట్టడానికి. కొత్తదానిలో సగానికి పైగా వచ్చాయి. నిన్న స్నేహితులతో ఆడినప్పుడు ఇష్కనా వచ్చింది, వెంట మూడు సాలీళ్లు వచ్చాయి. ఆ క్షణం నా గొంతు పెగల్లేదు. ఇన్నాళ్లూ ఊహించుకున్నది కళ్లముందు జరిగింది.

రాసుకున్నదాంట్లో ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇప్పుడు నాలుగో టైపుగా తక్కువ పడుతున్నది ఆర్టిఫాక్ట్ కాదు, ఎన్‌చాంట్‌మెంట్ కాదు, క్రీచర్! రిమూవల్, బాబుల్, వెసెల్, వైల్డ్స్ అన్నీ వాటంతట అవే పడుతున్నాయి. నా క్రీచర్లు మాత్రం ఎవరూ చంపడం లేదు.

రెండు సందేహాలు. ఓవర్‌లార్డ్ 3 సరిపోతుందా, 4 పెట్టాలా? రెండోది, ఏ చేతిని ఉంచుకోవాలి, ఏది మల్లిగన్ చేయాలి, అంటే వెనక్కి పంపి కొత్త చేయి తీసుకోవాలి?


అరవై_కార్డులు:

మీ నోట్‌బుక్ సంగతి చదివి చాలా సంతోషమేసింది. ఏ టైపు తక్కువైందో రాసుకోవడం నాకెప్పుడూ తట్టలేదు, నేను టర్న్ మాత్రమే రాసేవాణ్ణి. రేపటి నుంచి నేనూ రాస్తాను.

మల్లిగన్ గురించి. 2019 నుంచి పద్ధతి మారింది కదా, ఎన్నోసారి మల్లిగన్ చేసినా 7 కార్డులు తీసుకుని, చేసినన్ని కార్డులు డెక్ అడుగున పెట్టాలి. ఇలాంటి డెక్‌కు ఆ పద్ధతి బాగా కలిసొస్తుంది. ఏడింటిలోంచి ఎంచుకుంటారు కాబట్టి ఆరు కార్డుల చేతిలో కూడా ఒక ఎనేబ్లర్, మూడు ల్యాండ్‌లు దొరకడం కష్టం కాదు. నేనైతే మొదటి రెండు టర్న్‌లలో వాడగల ఎనేబ్లర్ లేని చేతిని, రిమూవల్ రెండు ఉంటే తప్ప, ఉంచుకోను. రెండు బీస్టీలు, ఒక ఇష్కనా, నాలుగు ల్యాండ్‌లు వస్తే చూడ్డానికి బాగుంటుంది. అది వెనక్కి పంపాల్సిన చేయి.


ఆకుపచ్చ_మానా:

మల్లిగన్ విషయంలో నేను ఇంత కఠినంగా ఉండను. ఫ్లేయర్ రెండో టర్న్‌లో దిగితే అదే ఎనేబ్లర్. ఆటగాడిని కొట్టిందంటే డెక్ పై మూడు కార్డులు చూసి కావలసినవి గ్రేవ్‌యార్డ్‌లో పడేయొచ్చు. ఫ్లేయర్, రెండు రిమూవల్, మూడు ల్యాండ్‌లు ఉంటే కళ్లు మూసుకుని ఉంచుకుంటాను. రిమూవల్ దారి ఖాళీ చేస్తుంది, ఫ్లేయర్ కొడుతుంది.

ఎరుపు మానా వైపు కూడా ఒకసారి చూడండి. 2021లో మోడర్న్ హొరైజన్స్ 2లో వచ్చిన డ్రాగన్స్ రేజ్ చానలర్ ఒక మానా క్రీచర్. క్రీచర్ కాని స్పెల్ వేసినప్పుడల్లా సర్వేల్ 1 (డెక్ పై కార్డు చూసి, కావాలంటే గ్రేవ్‌యార్డ్‌లో పడేయడం) చేస్తుంది, డెలీరియం వస్తే +2/+2తో ఎగురుతుంది. తనకు కావలసింది తానే సమకూర్చుకునే కార్డు. ఎనేబ్లర్, పేఆఫ్ ఒకే కార్డులో ఉంటే కుప్పలు విడదీసే గొడవే ఉండదు. డస్క్‌మోర్న్‌లోని ఫియర్ ఆఫ్ మిస్సింగ్ అవుట్ కూడా ఎరుపే. అది ఎన్‌చాంట్‌మెంట్ క్రీచర్, రాగానే ఒక కార్డు పారేసి ఇంకోటి తీసుకోవాలి. చేతిలో అదనంగా ఉన్న బీస్టీని అలా పారేస్తే ఆర్టిఫాక్ట్, క్రీచర్ రెండూ ఒక్క దెబ్బతో వస్తాయి. మీరు ఇప్పుడు చెప్పిన క్రీచర్ కొరతకు ఇదో దారి.


నేలమాళిగ:

రంగు మార్చకుండానే ఇంకో దారి ఉంది, మానిఫెస్ట్ డ్రెడ్. ఇదీ డస్క్‌మోర్న్‌దే. పై రెండు కార్డులు చూసి ఒకటి బోర్డు మీద బోర్లా 2/2గా పెడతారు, రెండోది గ్రేవ్‌యార్డ్‌కు. ఏది ఎటు పోవాలో మీ ఇష్టం. మీకు తక్కువైన టైపును గ్రేవ్‌యార్డ్‌కు పంపండి. ఆ బోర్లా పడ్డ కార్డు పోరులో చస్తే గ్రేవ్‌యార్డ్‌లో దాని అసలు ముఖంతో, అసలు టైపులతో పడుతుంది. ఒక ఇన్‌స్టంట్ 2/2గా బ్లాక్ చేసి చచ్చి మీకు ఇన్‌స్టంట్ టైపు ఇవ్వొచ్చు. ఎదుటివాళ్లు ఆ 2/2ను చంపాలా వద్దా అని తేల్చుకోలేరు. మీరు ఓవర్‌లార్డ్ 3 నుంచి 4కి పెంచాలనుకుంటున్న ఆ చోటులో దీన్ని ఒకటి పెట్టి చూడండి.


పదిహేనో_కార్డు:

ఓవర్‌లార్డ్ మీద నా అభిప్రాయం, 3 చాలు. దాన్ని రెండు మానాకు ఇంపెండింగ్ అనే చవక పద్ధతిలో వేస్తే ఐదు టైమ్ కౌంటర్లతో వస్తుంది, అవి అయ్యేదాకా క్రీచర్ కాదు. రాగానే నాలుగు కార్డులు మిల్ చేయడం రెండో టర్న్‌లో గొప్ప సంగతి, అవతార్ కాని క్రీచర్‌ను చేతిలోకి తెచ్చుకోవచ్చు కూడా. కానీ అప్పుడు మీరు బోర్డును వదిలేస్తున్నారు. రెండో ఓవర్‌లార్డ్ మూడో టర్న్‌లో వస్తే ఎదుటివాళ్లు వేగంగా ఆడే డెక్ అయితే ఆ రెండు టర్న్‌లలోనే ఆట వాళ్లదైపోతుంది. అందుకే ఒకటే చాలు, మిల్‌లో పడ్డ రెండోది రెండు టైపులు ఇస్తుంది కాబట్టి అదీ నష్టం కాదు.

ఒక జాగ్రత్త. ఓవర్‌లార్డ్ తిరిగి తెచ్చేది గ్రేవ్‌యార్డ్ నుంచే. ఉన్న ఒకే ఒక్క క్రీచర్‌ను చేతిలోకి తీసేసుకుంటే టైపు తగ్గుతుంది. మీ క్రీచర్ కొరతలో కొంత భాగం ఇదే అయ్యుండొచ్చు. నోట్‌బుక్ చూడండి.


తుమ్మెద_రెక్క:

ఇప్పుడే చూశాను. క్రీచర్ తక్కువైన ఆటలు ఏడు. అందులో నాలుగింటిలో నేనే ఓవర్‌లార్డ్‌తో ఫ్లేయర్‌నో ఇష్కనానో వెనక్కి తెచ్చుకున్నాను! తీసుకోవడం తప్పనిసరి కాదు, తీసుకోవచ్చు అని మాత్రమే కార్డు మీద ఉంది. నాకు మంచి క్రీచర్ కనిపిస్తే తీసుకోకుండా ఉండటం చేతకాలేదు.

ఓవర్‌లార్డ్ 3 దగ్గరే ఉంచుతున్నాను. ట్రావర్స్ ఒకటి తీసి ఆ చోటులో మానిఫెస్ట్ డ్రెడ్ చేసే కార్డు ఒకటి పెడతాను. సైడ్‌బోర్డ్‌లో గ్రేవ్‌యార్డ్ అక్కర్లేని క్రీచర్లు ఐదు. ఎరుపు వైపు వేరే డెక్‌గా కట్టి చూస్తాను, రెంటినీ కలపను. ఈ వారం ఇంకో 20 ఆటలు పంచుకుని రాసుకుంటాను, ఈసారి ఓవర్‌లార్డ్‌తో ఏం వెనక్కి తీసుకున్నానో దానికి కూడా ఒక గడి గీశాను.


మొదటి_టర్న్:

మీరు రాసుకునే గడులు ఏవేవో ఒకసారి చెప్తారా? నా మొదటి డెక్ ల్యాండ్‌ఫాల్‌తో కడుతున్నాను, నేనూ అలాగే రాసుకుందామని.


తుమ్మెద_రెక్క:

తప్పకుండా. ఆట నంబరు, మొదటి చేతిలో ఎనేబ్లర్లు ఎన్ని, మల్లిగన్ చేశానా, డెలీరియం వచ్చిన టర్న్, రాకపోతే తక్కువైన టైపు, ఓవర్‌లార్డ్ తెచ్చిన కార్డు. మీ ల్యాండ్‌ఫాల్ డెక్‌కు తక్కువైన టైపు గడి అక్కర్లేదు. దాని బదులు ఏ టర్న్‌లో ల్యాండ్ వేయలేకపోయారో రాసుకోండి, మీ డెక్ ఆగేది ఆ టర్న్‌లోనే. ల్యాండ్‌లు ఎన్ని పెడుతున్నారు?


మొదటి_టర్న్:

22.


అరవై_కార్డులు:

26తో మొదలుపెట్టండి. 60లో 24 పెడితే పదో కార్డు చూసేసరికి సగటున 4 ల్యాండ్‌లు వస్తాయి, అంటే మొదట ఆడేవాళ్లకు నాలుగో టర్న్ వరకే. ల్యాండ్‌ఫాల్‌కు ఐదో టర్న్, ఆరో టర్న్ ల్యాండ్ కూడా కావాలి. మీ లిస్టు ఇక్కడ పెట్టండి, చూద్దాం.